పాలక్యాన్‌లో నీళ్లు

ఉప్పుగూడలో బర్రెలు పెట్టుకుని పాలమ్మే ఇంటివాడు మహేందర్. ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో. పొద్దున ప్యాసింజర్‌లో పోతాడు, సాయంత్రం ప్యాసింజర్‌లో వస్తాడు. ఆ మే నెలలో వచ్చేటప్పుడు చేతిలో చిన్న పాలక్యాన్ ఉండేది. అందులో మంచుగడ్డలు, వాటి మధ్య అరచేతిలో ఇమిడే సీసా. సీసాలో అతని భార్య రశ్మి పాలు.

మహబూబ్‌నగర్‌లో పుట్టింట్లో ఉండగానే రశ్మికి ఏడో నెలలో కాన్పయింది. బిడ్డను హైదరాబాద్ పెద్దాసుపత్రికి తెచ్చారు. ఆపరేషన్ కోత పడిన తల్లి మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయింది. పొడిపాలు పడితే బిడ్డ కడుపు ఉబ్బుతోంది. తల్లిపాలే కావాలి, చల్లగా చేరాలి, ఎండకు చెడితే పారబోయడమే అన్నారు డాక్టర్లు.

ఒక రోజు మహేందర్ క్యాన్‌ను సీటు మీద పెట్టి దారిలో ఒక స్టేషన్‌లో మంచు కొనడానికి దిగాడు. బండి కదిలింది. ఉరికాడు, అందలేదు. అదే బోగీలో రోజూ వచ్చే బ్యాంకు గుమాస్తా అచ్యుత్‌కు ఫోన్ కొట్టాడు.

"అచ్యుతన్నా, క్యాన్ బండిలనే ఉన్నదే! మంచంత కరిగిపోయింది. ఉప్పుగూడ దాంక ఆగదు."

"ఫికర్ చెయ్యకు భాయ్. మీ అమ్మను స్టేషన్‌కు రమ్మను."

అచ్యుత్ మూత తీశాడు. రేగుపళ్లంత ముక్కలు మిగిలాయి. బోగీ రేకులు కాలుతున్నాయి.

"ఏందది సారూ, పెరుగా?" మామిడిపళ్ల గంప పక్కన కూర్చున్న సుగుణమ్మ అడిగింది.

"మహేందర్ బిడ్డకు పాలు. సల్లగుండాలె."

ఆమె కొంగు కింద దాచుకున్న చల్లటి నీళ్ల బాటిల్ తీసి, ఒక్క గుక్క కూడా తాగకుండా, సీసా చుట్టూ వంచింది.

"తీస్కో అన్నా, నాది పూరా మంచుగడ్డనే!" కాలేజీ పిల్లవాడొకడు అందించాడు.

"రోజు సీటు కోసం తన్నుకు సచ్చేటోళ్లం, ఇయ్యాల ఏమైందిరా మనకు?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నోరు ముయ్యి, నీ బాటిల్ ఇటియ్యి!"

తలల మీదుగా బాటిళ్లు వచ్చాయి. నీళ్లు వెచ్చబడగానే కిటికీలోంచి పారబోశారు, మళ్లీ చల్లవి నింపారు. మీటింగులు పెట్టి గొంతు చించుకున్నా కదలని జనం వీళ్లే. ఇక్కడ మైకు లేదు, నాయకుడు లేడు. ఒక్కరూ నీళ్లు తాగలేదు. ఎండిన పెదవులతో ఒక ముసలాయన తన బాటిల్ వైపు ఒకసారి చూసి ముందుకు పంపాడు.

ఉప్పుగూడలో మహేందర్ తల్లి లలితమ్మ బోగీ తలుపు దగ్గర క్యాన్ అందుకుంది. పాలమ్మే చెయ్యి కదా, ముందు మూత తీసింది. అంచు దాకా నీళ్లు! కొన్నవాళ్లతో జన్మంతా ఆ నింద పడిన మనిషికి ఒళ్లు మండింది.

"ఎవడ్రా పాలల్ల నీళ్లు పోసింది? మీ సేతులిరగ!"

ఎండిన గొంతులతోనే బోగీ అంతా నవ్వింది.

"గవి మా నీళ్లే అక్కా! లోపట సెయ్యి పెట్టి సూడు," అంది సుగుణమ్మ.

పెట్టింది. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. సీసా తగిలింది. తలెత్తి చూస్తే ప్రతి కిటికీలో పగిలిన పెదవులు, ఖాళీ బాటిళ్లు. బండి కదిలిపోయింది.

ఆసుపత్రిలో నర్సు సీసా ముట్టి చూసి, "మంచిగ సల్లగుందమ్మా," అంది.

సన్నటి గొట్టంలో పాలు బొట్టుబొట్టుగా దిగాయి. అద్దం ఇవతల నిలబడి లలితమ్మ చాలాసేపు చూసింది. బిడ్డ కడుపు ఉబ్బలేదు. అప్పుడు కొడుక్కి ఫోన్ చేసింది.

"బోగీల మందంత నోరెండి దూపతోని పోయిండ్రు బిడ్డా," అంది. "ఈ పసిది తాగుతున్నది."