లాంతరు ఆడించని మనిషి

నాలుగో మేక కూడా కాలు విదిల్చి చెంబులో పాలు సగం ఎర్మిందా పావడా మీద ఒలకబోసింది. ఆమె తిట్టలేదు. తడిసిన అంచు పిండుకుని, వేళ్లను నోటి దగ్గర పెట్టి ఊదుకుని, మళ్లీ పొదుగు అందుకుంది. ఆ దేశంలో జులై అంటే నడి చలికాలం, ఆ చలికి ఆమె వేళ్ల కణుపులు ఉల్లిగడ్డల్లా వాచి ఉన్నాయి. కుడి తుంటి రాత్రంతా సలిపి తెల్లవారుజామున కాస్త ఊరుకుంది. పొట్టి మనిషి, ఎండకు కమిలిన ముఖం, నోట్లో మిగిలినవి రెండు మూడు పళ్లు. పియెద్రా పార్దా ఊరికి పైన, కొండవాలులో ఉన్న ఆ రాతి కొట్టంలోకి పెళ్లికూతురుగా వచ్చింది. తర్వాత ఇంకెక్కడికీ వెళ్లలేదు. మేకలు, చీజు, కట్టెలు, మళ్లీ మేకలు. పిల్లలు పుట్టలేదు. మొగుడు కసిమీరో పోయి చాలాకాలమైంది. ఆమె జీవితం గురించి చెప్పమంటే అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. చెప్పమని అడిగినవాళ్లూ లేరు.

ఊరికి మాత్రం ఆమె వల్లే పేరొచ్చింది. పొద్దుగూకాక ఆ కొండమీద వెలుగులు తిరుగుతాయనీ, అవి వేరే లోకాల నుంచి దిగుతాయనీ ఎప్పుడో టీవీలో చూపించారు. అప్పటినుంచి రాజధాని బ్వేనోస్ ఐరెస్ జనం బస్సులు కట్టించుకుని మరీ వస్తున్నారు. ఆ వెలుగుల్లో ఒకటి శుక్రుడు. కనుమ మలుపులో తిరిగే లారీ దీపాలు ఇంకొకటి. రాళ్లమీద మెల్లగా పాకుతూ, ఆగుతూ, మాయమవుతూ చూసేవాళ్ల గుండెలు ఆపేసే వెలుగు మాత్రం తప్పిపోయిన మేక కోసం తిరిగే ఎర్మిందా కిరసనాయిలు లాంతరు. ఈ సంగతి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒక్కరూ నోరు విప్పరు. విప్పితే హోటళ్లు ఖాళీ, వేరే లోకపు ఆకుపచ్చ బొమ్మలు అమ్మే కొట్లు ఖాళీ. ఊరంతా కలిసి ఒక ముసలిదాన్ని గ్రహాంతరవాసిని చేసి బతుకుతోంది. ఆ ముసలిదానికి చలికి ఓ జత మేజోళ్లు కొనిపెట్టిన పుణ్యాత్ముడు మాత్రం లేడు.

చీజు ముద్దలు గుడ్డలో మూటగట్టుకుని ఆమె కొండ దిగేసరికి నేలిదా హోటలు వంటింట్లో పొయ్యి భగభగ మండుతోంది. నేలిదాకు యాభై ఉంటాయి. ఆమె తండ్రి, కసిమీరో ఇద్దరూ ఒకే కొండమీద మేకలు కాసినవాళ్లు. ఆ వరసతో ఎర్మిందాను పిన్నీ అంటుంది. రాగానే వేడి మాతే ఆకు కషాయం పోసిన సొరబుర్ర చేతికిచ్చింది.

"రా పిన్నీ, కూచో. రాత్రి అదరగొట్టేశావు పో! ఆ బండల దగ్గర ఆగి, మాయమై, మళ్లీ తేలావు చూడూ, ఒకావిడైతే ఏడ్చేసింది!"

"ఆగింది తుంటి నొప్పికి. మాయమైంది బండ చాటున ఒంటేలుకి కూచుంటే."

నేలిదా పడీపడీ నవ్వింది. నవ్వుతూనే గుమ్మం వైపు చూసి తలుపు దగ్గరగా వేసింది.

"ఇదిగో, ఆ మాట బయట అనబోకు. ఇవాళ సెలవుల జనం, బస్సు నిండా దిగుతున్నారు. నేనొకటి చెప్తా, వింటావా? చీకటి పడ్డాక లాంతరు కాస్త పైకీ కిందికీ ఆడించు. నాలుగుసార్లు. నీదేం పోయింది? చలికాలమంతా నీ చీజు నేనే తీసుకుంటా."

ఎర్మిందా మాతే బుర్ర కింద పెట్టింది.

"లాంతరు ఎప్పుడు ఆడిస్తారో నీకు తెలీదటే? మీ నాన్న చెప్పలేదూ?"

"అబ్బ, ఆ కాలం పోయింది పిన్నీ. ఇప్పుడందరికీ ఫోన్లున్నాయి."

"నాకు లేదుగా."

ఆ కొండమీద లాంతరును మూడుసార్లు తలపైకి ఎత్తి దించితే, మనిషి పడిపోయాడు రండి అని అర్థం. కసిమీరో ఒక చలికాలం లోయలో పడి అలాగే ఎత్తాడు. వండిన చారు పొయ్యిమీద ఉండగానే ఊరి మగాళ్లు తాళ్లతో ఎక్కారు. అందరికంటే ముందు చేరినవాడు, కసిమీరోను వీపున మోసి దించినవాడు నేలిదా తండ్రే. ఆ తర్వాత ఏళ్లతరబడి కసిమీరో కుంటుకుంటూ మేకలు కాశాడు. అందుకే అక్కడ సరదాకి లాంతరు ఊపే పిల్లల వీపు చీరేసేవాళ్లు.

"నేనాడించను," అంది ఎర్మిందా. "అది ఆటవస్తువు కాదు. కొంటే చీజు కొను, లేకపోతే మానెయ్."

"ఎంత మొండిదానివే! సరే, సాయంత్రం దాకా ఆలోచించుకో. నేను చూస్తూనే ఉంటా."

పెరట్లో కెమెరా మెడలో వేసుకున్న కుర్రాడు ఒకడు ఆమెకు అడ్డొచ్చాడు. వెనక అతని స్నేహితులు నలుగురు.

"అవ్వా, మీరు కొండమీదే ఉంటారటగా. ఎప్పుడైనా చూశారా?"

"ఎవర్ని?"

"అదే, ఆ వెలుగుల్లో వచ్చేవాళ్లని."

"చూసేదేంటయ్యా, అది నేనే. మేకల కోసం తిరుగుతుంటా."

వాళ్లు గొల్లున నవ్వారు. ఎంత సరదా మనిషో అనుకుంటూ ఆమెను మధ్యలో నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. ఎర్మిందా కూడా నవ్వింది, ఫోటో అంటే నవ్వాలి కాబట్టి. దారి పొడుగునా మాత్రం గొణుక్కుంది. ఉన్నమాట చెప్పినా నమ్మరు, దానికితోడు నవ్వుతారు.

మధ్యాహ్నం కట్టెలు ఏరింది. పాలు విరగబెట్టి అచ్చుల్లో ఒత్తింది. పొద్దు వాలాక మేకలన్నీ దొడ్డికి వచ్చాయి, ఈనడానికి సిద్ధంగా ఉన్న గోధుమరంగుది తప్ప. ఎర్మిందా తుంటి నిమురుకుని, దాని తల్లిని కూడా కలిపి తిట్టి, లాంతరు వెలిగించి ఎక్కింది.

మేక పైబండల సందులో దొరికింది. అప్పుడే ఈనినట్టుంది, పిల్ల ఇంకా తడిగా వణుకుతోంది. ఎర్మిందా పిల్లను తన శాలువాతో తుడిచి తల్లి పొదుగుకు అంటించింది. అది చీకడం మొదలుపెట్టాక తృప్తిగా లేచి, వెనక్కి ఒక్క అడుగు వేసింది. మంచు పట్టిన రాయి. ఎండుకట్టె విరిగిన చప్పుడు ఆమె లోపలే వినిపించింది.

పడ్డచోటి నుంచి కదలబోతే కళ్లు బైర్లు కమ్మాయి. కుడికాలు ఆమె మాట వినడం లేదు. లాంతరు మాత్రం పక్కనే నిలబడి వెలుగుతోంది. కింద ఊరు స్పష్టంగా కనిపిస్తోంది, నేలిదా డాబా, దానిమీద దీపాల దండలు. ఎర్మిందా కాసేపు ఆలోచించింది. తర్వాత లాంతరు అందుకుని తలపైకి ఎత్తి దించింది. మళ్లీ ఎత్తింది. మూడోసారి ఎత్తి, ఆగి, ఎదురుచూసింది.

ఊళ్లో దీపాలు ఆరిపోయాయి. ముందు డాబా మీదవి, తర్వాత పక్క హోటలువి, ఆ తర్వాత వీధివి. కరెంటు పోయిందేమో అనుకుంది. మళ్లీ మూడుసార్లు ఎత్తింది. అప్పుడు కిందనుంచి చప్పట్లు వినిపించాయి. ఈలలు, కేకలు. "ఇంకా! ఇంకా!" అని ఒకే గొంతుతో అరుస్తున్నారు. తనను బాగా చూడటానికే దీపాలు ఆర్పుకున్నారని అప్పుడు అర్థమైంది.

అర్థమైనా ఆమె మానలేదు. వాళ్లకు తెలియకపోవచ్చు. నేలిదాకు తెలుసు. చూస్తూ ఉంటానంది. వాళ్ల నాన్న కూతురు, ఈపాటికి తాళ్లు తీయిస్తూ ఉంటుంది. ఆ నమ్మకంతోనే ఎర్మిందా చెయ్యి పడిపోయేదాకా ఎత్తింది. ఎత్తిన ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. చెయ్యి పడిపోయాక కాసేపు "అయ్యో, వెళ్లిపోయారే" అన్నట్టు ఊరు మూలిగింది. తర్వాత దీపాలన్నీ వెలిగాయి. దారి మొదట్లో ఒక్క దీపమైనా కదులుతుందేమోనని ఆమె చూస్తూనే ఉంది. కదల్లేదు. చలి మొదట వేళ్లలో, తర్వాత మోకాళ్లలో, తర్వాత ఎక్కడా తెలియకుండా పోయింది. మేకపిల్ల పాలు చీకుతున్న చప్పుడు వింటూ ఆమె కళ్లు మూసుకుంది.

మర్నాడు చీజు రాలేదు. వంటవాడు తీతో పైకి వెళ్లి చూస్తే దొడ్డి నిండా పాలు పిండని మేకలు అరుస్తున్నాయి. గోధుమరంగుది పిల్లను వెంటబెట్టుకుని తనే దిగివచ్చింది. ఎర్మిందాను మధ్యాహ్నానికి తలుపుచెక్క మీద దించారు. తీరిగ్గా కొండెక్కి చూడబోయిన అతిథులు దారి ఇచ్చి, టోపీలు తీసి నిలబడ్డారు. పాపం, ఎవరో ముసలావిడ అనుకున్నారు.

నేలిదా ఆ చెక్క దగ్గర కూలబడింది.

"ఒప్పుకుందనుకున్నా తీతో," అంది. "నా మాట మన్నించిందనుకున్నా. మూడు మూడుసార్లే ఎత్తుతుంటే, ముసల్ది ఎంత పద్ధతిగా ఆడిస్తోందో అని మురిసిపోయానురా!"

 రాత్రి డాబా మీద అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఎవరో తీతో చూశాడు. ఆ తర్వాత నేలిదా హుషారుగా వంటింట్లోకి వచ్చి, పొద్దున్నే పిన్ని వస్తుంది, వేడిచేసి పెడదాం అంటూ లోక్రో అనే మొక్కజొన్న మాంసం పులుసు ఒక గిన్నెలోకి తీయడమూ చూశాడు. కుండ అడుగు దాకా గరిటె పోనిచ్చి మంచి మాంసం ముక్కలు ఏరి, పళ్లులేని నోటికి నలిగేలా చిన్నచిన్నగా తరిగి వేసింది. పొయ్యి గట్టుమీద, పైన మూసిన పళ్లెంతో, పక్కన ఒక చెంచాతో ఆ గిన్నె అలాగే ఉంది. కొవ్వు తెల్లగా పేరుకుంది.