తొంభై ఆరు దాటని గుండె

రాయగడలో నీళ్ల ట్యాంకు చూసుకునే సన్యాసయ్యకు గుండెపోటు వచ్చి మూడు నెలలైంది. ట్యాంకు మెట్లెక్కగలిగితేనే మళ్లీ డ్యూటీ. డాక్టరు సరేనన్నాక, కూతురు రీనా గుండె వేగం చూపే తన వాచీ ఆయనకు కట్టి కొండ మెట్లెక్కించింది. యాప్‌లో టార్గెట్ నూట ఇరవై పెట్టిందీ తనే.

“తొంబై ఆరు కాడే కూకుందే అమ్మీ! గుండె మొరాయించింది, డ్యూటీ పోయినట్టే!” వాచీని, టార్గెట్‌ని, రీనాని తిడుతూనే ఎక్కాడాయన.

పైమెట్టు మీద రీనాకు వెలిగింది. గుండెపోటు తర్వాత నాన్న రోజూ వేసుకుంటున్న మాత్ర వల్ల గుండె వేగం అంతగా పెరగదని, ఆయాసపడకుండా మాట్లాడగలిగితే చాలని డాక్టరు చెప్పాడు కదా!

“నానా! ఎనబై మెట్లు... ఎక్కేవు... తిట్టడం... ఆపలేదు! డ్యూటీ... నీదే!”

సన్యాసయ్య మొహం వెలిగిపోయింది. “మరి నువ్వలా రొప్పుతావేటే? ముందు నిన్ను సూపించాల డాక్టరుకి!”