వదలమనే మాట

మూడుసార్లు ఆజ్ఞాపించినా పట్టు వదలని కుక్కను జర్మనీలో పోటీ నుంచి తప్పిస్తారు. తుర్కయంజాల్‌లో ఎవరు తప్పిస్తారు?

ఆ హైదరాబాద్ శివారులోని కుక్కల శిక్షణశాల ఆఫీసు గోడ మీది ఫ్లెక్సీలో ఈ ప్రశ్న లేదు. అందులో నాలుగు నిలువు గడులున్నాయి. జర్మనీ: మొదట విధేయత పరీక్ష, అందులో నెగ్గిన కుక్కకే కాటు పరీక్ష. ఫ్రాన్స్: నిలువెల్లా మెత్తల దుస్తులు తొడుక్కున్న మనిషి కుక్కను తికమకపెడతాడు, వదలమన్నాక ఆలస్యమైతే మార్కులు పోతాయి. నెదర్లాండ్స్: పోలీసు పనికి తగిన కుక్కకే పట్టా. నాలుగో గడిలో 'మన శిక్షణ' అని రాయించి, మూడు దేశాల నియమాలకూ ఎదురుగా ఆకుపచ్చ టిక్కులు కొట్టించాడు యజమాని వంశీకృష్ణ. ఆ టిక్కులన్నిటికీ ఆధారం ఒక మనిషి ఎడమ చెయ్యి.

ఆ చెయ్యి గల భిక్షపతి, ఆ ఉదయం ఫ్లెక్సీ కింద బాసింపట్టు వేసుకుని, కుక్క కాటుకు అడ్డుగా చేతికి వేసుకునే తన గోనెపట్టా తొడుగుకు కుట్లు వేస్తున్నాడు. యాభై మూడేళ్ల మనిషి. ఎడమ ముంజేతి చర్మం కమిలి కమిలి నేరేడుపండు రంగులో నిలిచిపోయింది. చివరి రెండు వేళ్లు ముడుచుకోవు. అందుకని గుడ్డను మోకాళ్ల మధ్య బిగించి, కుడిచేత్తో సూది నడిపి, మగ్గం మీద తెగిన పోగును కలిపే ముడితో ప్రతి కుట్టునూ ముగించేవాడు. మగ్గం వదిలి పదహారేళ్లయింది. మొదటి ఐదేళ్లూ కాపలా పని చేశాడు. తరువాతి పదకొండేళ్లు ఇదే పని: కుక్కలు కరవడానికి చెయ్యి అందించడం. ఆ తొడుగును ఒళ్లో పెట్టుకుని రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కేవాడు.

"ఏందన్నా అది, డోలా?" అని ఎవరైనా అడిగితే, "నా చెయ్యే. ఇంకోటున్నది" అని నవ్వేవాడు.

కుక్కలకు తిండి పెట్టేదీ ఆయనే. గిన్నె కింద పెడుతూ నాలుకను అంగిలికి కొట్టి చిన్న చప్పుడు చేసేవాడు. ఆ చప్పుడు వింటే ఏ కుక్కయినా తిండి కోసం నోరు తెరిచేది. ఎన్నడు మొదలైందో ఆయనే చెప్పలేడు గానీ, కుక్క తొడుగును కరిచి పట్టుకున్నప్పుడు, వంశీకృష్ణ "ఔస్!" అని జర్మన్ మాటతో వదలమని అరవగానే, భిక్షపతి ముఖం పక్కకు తిప్పి అదే చప్పుడు చేసేవాడు. నొప్పి తగ్గించుకోవడానికి పుట్టిన అలవాటు. కుక్క వదిలేది. చూసేవాళ్లు జర్మన్ మాటను మెచ్చుకునేవాళ్లు. ఆ దేశాల్లో తొడుగు తొడుక్కునే మనిషికీ పరీక్ష పెడతారని, పోటీలో కుక్కకు కొత్తవాడే ఎదురొస్తాడని ఫ్లెక్సీలో ఎక్కడా లేదు.

ఆ రోజు పరీక్ష కైజర్‌కు. బెల్జియం జాతి, మూడేళ్లది, మొరగదు. మొరగని కుక్కంటే భిక్షపతికి భయం.

"సార్, ఒక్క మాట" అన్నాడు వంశీకృష్ణ లోపలికి రాగానే. "కైజర్ మీ మాటకు ఇడుస్తలేదు. నేను నోటితోని చప్పుడు చేస్తేనే ఇడుస్తున్నది. దాన్ని ఇప్పుడే అమ్మకుండ్రి."

"పదకొండేళ్లుగా చేస్తూనే ఉన్నావు కదా? ఇవాళ కొత్తగా నీతి పుట్టుకొచ్చిందేంటి? సర్టిఫికెట్ లామినేషన్ కూడా అయిపోయింది."

"కొన్నోళ్లింట్ల చప్పుడు చెయ్యనీకి నేనుండ గద సార్."

"వాళ్లింట్లో అది పట్టుకునేది దొంగని, భిక్షపతీ. దొంగని వదలమని ఎవడు చెబుతాడయ్యా?" తన మాటకు తానే నవ్వుకుని వంశీకృష్ణ ఫోను అందుకున్నాడు.

కొనేవాళ్లు అరగంట ముందే వచ్చారు. ఎల్బీనగర్‌లో బట్టల షోరూము నడిపే విజయ్‌కుమార్, అతని తల్లి అండాలమ్మ. పోయిన నెల ఇంటి గేటు ముందే ఆమె మెడలో గొలుసు తెంచుకుపోయారు. పగలంతా ఆమె ఒక్కతే ఉండే ఇంటికి ఈ కుక్క.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆమె భిక్షపతి వేళ్లకేసి చూసింది.

"మగ్గమోళ్ల బిడ్డవేనా? గా ముడి చూస్తనే ఎర్కయింది. ఏ ఊరు నీది?"

"పోచంపల్లి దిక్కే అమ్మా."

"గట్లనా! మరి గీ కుక్కకు దొంగెవడో, పాలోడెవడో ఎర్కుంటదా?"

"అమ్మా, జర్మనీ ట్రైనింగ్ అది" అన్నాడు కొడుకు విసుగ్గా.

"జర్మనీల పాలోడు రాడా ఏంది?" అని, ఆమె మళ్లీ భిక్షపతి వైపే తిరిగింది. "నేను ఇడువంటే ఇడుస్తదా బిడ్డా?"

భిక్షపతి సూది ఆపి తొడుగుకేసి చూశాడు. బెత్తెడు చిరుగు ఇంకా మిగిలే ఉంది. "రావయ్యా, టైమవుతోంది" అని వంశీకృష్ణ కేకేశాడు. సూదిని గోనెపట్టాకే గుచ్చి, భిక్షపతి తొడుగులోకి చెయ్యి దూర్చాడు. నాలుగేళ్లుగా షుగరు, ఎండలో నోరు పిడచకట్టుకుపోతుంది. గోడవారన ఉన్న నీళ్ల సీసాకేసి ఒకసారి చూసి, తాగకుండానే మైదానంలోకి నడిచాడు.

కైజర్ నిశ్శబ్దంగా వచ్చి తొడుగును కరిచి పట్టుకుంది. ఆ బరువుకు ఆయన రెండడుగులు వెనక్కి తూలి, నిలదొక్కుకున్నాడు.

"ఔస్!"

భిక్షపతి నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆ మాటకు కుక్క వదలదని కుర్చీలోని ముసలామె చూడాలి. అంతకు మించి ఆయన కోరిందేమీ లేదు.

"ఔస్!" వంశీకృష్ణ కళ్లతో ఆయనను హెచ్చరించాడు. "ఔస్!"

జర్మనీలోనైతే పరీక్ష అక్కడితో ముగిసేది. ఇక్కడ నాలుగో కేక వినబడింది. కుక్క పట్టు మార్చింది. దాని కోరలకు కుట్టని చిరుగు దొరికింది, తొడుగు కిందికి జారింది, చంక దగ్గరి మెత్తని కండ దొరికింది. ఇక చాలని భిక్షపతి నాలుకను అంగిలికి ఆనించాడు. అది అక్కడే అతుక్కుపోయింది. మరోసారి ప్రయత్నించాడు. చప్పుడు రాలేదు.

ఇనుప కడ్డీతో కుక్క దవడలు విడదీసేసరికి వంశీకృష్ణ ఆ జర్మన్ మాటను పదకొండుసార్లు అన్నాడు.

అండాలమ్మ కొంగు చింపి, ధారకట్టిన నెత్తురు ఆగేందుకు భుజం కింద బిగించి కట్టింది. ఆయన పెదవులు కదిలాయి.

"చూసినవ్ గద అమ్మా" అన్నాడు.

మలక్‌పేట దవాఖానకు బయలుదేరిన కారు ఎల్బీనగర్ చౌరస్తాలో ఎర్రదీపం దగ్గర ఆగింది. పచ్చదీపం వెలిగేసరికి, ముసలామె ఒళ్లో ఉన్న తల బరువెక్కింది.

విజయ్‌కుమార్ కుక్కను కొనలేదు. తొమ్మిదో రోజున దాన్ని మరొకరు కొన్నారు. వారికిచ్చిన సర్టిఫికెట్‌లో పరీక్ష తేదీ భిక్షపతి పోయిన రోజే, ఫలితం: ఉత్తీర్ణత.

అటువంటి కాగితం మీ ఇంట్లోనూ ఫ్రేములో ఉంటే, ఒకసారి తుర్కయంజాల్ వెళ్లండి. నాలుగు గడుల ఫ్లెక్సీ కింద, మేకుకు వేలాడుతున్న తొడుగును అడిగి తీసుకుని, మీ ఎడమ చేతికి తొడుక్కోండి. మెల్లగా తొడుక్కోండి: బెత్తెడు చిరుగు పక్కన, దారం తెగని సూది ఇంకా గుచ్చే ఉంది.