కండక్టరు గారి సీటు

నేను ఒక సిమెంటు బెంచీని. ఈ మాట చెప్పుకోవడానికే నాకు సిగ్గు. బెంచీ అన్నాక దాని మీద మనుషులు కూర్చోవాలి. నా మీద ఏళ్ల తరబడి పిచ్చుకలు కూర్చున్నాయి, కాకులు కూర్చున్నాయి. ఒక ఊరకుక్క ఎండాకాలం మధ్యాహ్నాల్లో నా కింద పడుకునేది. మనుషులు మాత్రం ఆయాసపడుతూ నా దగ్గరదాకా వచ్చి, వంగి చూసి, చదువుకుని, చెప్పులు విడిచినంత పని చేసి పక్కకి తప్పుకునేవారు.

చదువుకుని అన్నాను కదా, చిక్కంతా అక్కడే ఉంది. నా మీద కూర్చునే చోట, సరిగ్గా నడిమధ్యన, అరచెయ్యంత అక్షరాలతో ఇలా రాసి ఉంటుంది: ‘కీ.శే. బోని సన్యాసిరావు, కండక్టర్.’

సన్యాసిరావు ఈ ఊళ్లో సిటీ బస్సు కండక్టరు. నేను ఆయన్ని చూడలేదు. చూసినవాళ్లు చెప్పగా విన్నాను. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ నిలబడే ఉన్నాడట. బస్సులో వెనక తలుపు పక్కన కండక్టరుకని ఒక సీటుంటుంది. ఏ ముసలమ్మో, చంటిబిడ్డ తల్లో ఎక్కితే చాలు, ‘కూకోండమ్మా’ అని ఆ సీటు ఇచ్చేసి తను కమ్మీ పట్టుకుని వేలాడేవాడు. అలాంటివాళ్లు ఎక్కని ట్రిప్పు మన ఊళ్లో ఎక్కడుంటుంది? ఇంటికొచ్చినా గుమ్మానికి ఆనుకుని నిలబడే టీ తాగేవాడట. కాళ్లకి నరాలు ఉబ్బిపోయాయని పెళ్లాం పైడమ్మ పోట్లాడితే, ‘పర్నేదే, నాకలవాటే’ అని నవ్వేసేవాడు. అలా నవ్వుతూనే ఒకనాడు గుండె పట్టుకుని పోయాడు.

పైడమ్మకి దుఃఖం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఆయన పేరున అన్నదానం చెయ్యమన్నారు, గుళ్లో ఫ్యాను ఇప్పించమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. కాలనీ పార్కులో బెంచీ వేయిస్తానంది. మేస్త్రీ, “పేరు వీపుకాడ రాత్తానమ్మా” అంటే, “వీపుకాడొద్దు. కూకునే కాడే రాయి. పేనం ఉన్నన్నాళ్లూ కూకోడానికి కుదర్నేదు ఆ మడిసికి. ఇప్పుడైనా కూకోనీ” అంది. వీపు కట్టే పని తప్పిందని మేస్త్రీ కూడా సంతోషించాడు. రెండు కాళ్లు నిలబెట్టి, పైన పలక పోసి, పచ్చి సిమెంటు మీద తాపీ మొనతో ఒక్కొక్క అక్షరం లోతుగా గీసి నల్లరంగు నింపాడు. ఇద్దరూ దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయారు. కూర్చునే చోట పేరుంటే ఇక కూర్చునేది ఎవరని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మనుషుల తెలివి నాకు మొదటిరోజే కొంత అర్థమైంది. నాకు అర్థమై ఏం లాభం, నోరుంటే కదా.

కాలనీ పార్కంటే పొద్దున్న నడిచేవాళ్ల రాజ్యం. చుట్టూ టైల్స్ పరిచిన బాట, మధ్యలో తులసికోట, మూలన నవ్వుల క్లబ్బు. అక్కడివాళ్లకి అధ్యక్షుడు పట్నాయక్ గారు, రిటైరైన ఇంజనీరు. మొదటిరోజు ఆయన చమట తుడుచుకుంటూ వచ్చి, కూర్చోబోయి, కరెంటు తగిలినట్టు లేచాడు. “ఎవరండీ ఇది పెట్టించింది? చనిపోయినాయన పేరు మీద కూర్చుంటే మర్యాదగా ఉంటుందా?” అన్నాడు. మర్యాద మాటతో మొదలైన చర్చ మెల్లగా శకునం దాకా వెళ్లింది. పొద్దున్నే లేచి ‘కీర్తిశేషులు’ అన్న మాట చూడటం బీపీ ఉన్నవాళ్లకి మంచిది కాదని తేల్చారు. మిగతా బెంచీల మీద నలుగురేసి ఇరుక్కుని కూర్చునేవారు. నేను ఒక్కదాన్నే విశాలంగా, వెలివేసినట్టు పడి ఉండేదాన్ని.

పైడమ్మ వారానికోసారి వచ్చేది. పేరు మీద పడ్డ రెట్టలు కొంగుతో తుడిచి, ఒక బంతిపువ్వు పెట్టేది. ఆ పువ్వు నా కొంప ముంచింది. పొడవాటి పలక, మీద పేరు, పేరు మీద పువ్వు. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను సమాధి అనుకున్నారు. ఒకావిడ దణ్ణం కూడా పెట్టింది. ఆ దణ్ణం అందుకుంటూ నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు.

పైడమ్మ మాత్రం దారిన పోయేవాళ్లని పిలిచేది. “బాబూ, కూకోండి. పర్నేదు, కూకోండి.” వాళ్లు వాచీ చూసుకుని నడక పెంచేవారు. మరి ఆమే కూర్చోవచ్చు కదా అంటారేమో. మొగుడి పేరు నోటితో పలకని మనిషి, పేరు మీద ఎలా కూర్చుంటుంది? ఆమె కూడా నా పక్కన నిలబడే వెళ్లిపోయేది. ఇచ్చినవాళ్లే కూర్చోలేని బెంచీని నేను తప్ప ఇంకొకటి ఉంటే చెప్పండి.

పట్నాయక్ గారి అర్జీ మీద పార్కుల సూపర్వైజరు నన్ను పిల్లల పార్కుకి పంపించాడు. పిల్లలకి కీర్తిశేషులూ లేదు, కండక్టరూ లేదు, అక్కడైనా బతుకుతానని ఆశపడ్డాను. నిజంగానే జారుడుబల్ల దిగినవాళ్లు దిగినట్టు నా మీదికి ఎక్కి గెంతారు. ఆ కాసేపూ నేను బెంచీనన్న మాట గుర్తొచ్చింది. అంతలో తల్లులు పరుగెత్తుకొచ్చారు. “దిగు! పెద్దాయన పేరు తొక్కుతావా? కళ్లకద్దుకో!” ఐస్‌క్రీము కారుతున్న చేతులతో నన్ను ముట్టుకుని కళ్లకద్దుకుని ఆ పిల్లలు మళ్లీ నా దరికి రాలేదు. వాన పడితే అక్షరాల్లో నీళ్లు నిలిచేవి. పిచ్చుకలు వచ్చి ‘సన్యాసి’లో తాగి ‘రావు’లో స్నానం చేసి పోయేవి.

అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డు పార్కుకి తోలారు. అది జంటల పార్కు. నా కింద పడుకునే ఊరకుక్క తోడైంది అక్కడే. పొదకో జంట, గొడుక్కో జంట. చోటు దొరక్క తిరుగుతున్న ఒక జంట ఒకసారి నా పేరు మీద చేతిరుమాలు పరిచి కూర్చున్నారు. నాకు ఊపిరాడలేదు. కాసేపటికి ఆ అమ్మాయి లేచి నిలబడింది. “పెద్దాయన వింటున్నట్టుంది రా” అంది. అబ్బాయి నవ్వి, “టికెట్ అడుగుతాడేమోలే, పద” అన్నాడు. పక్కన ఊడ్చే మనుషులు కూడా నవ్వారు. పైడమ్మ ఆ రోజు అక్కడే ఉంది. ఆమె కూడా నవ్వడానికి ప్రయత్నించింది. తల కొట్టేసినట్టయింది నాకు.

ఉప్పుగాలికి నా లోపలి ఇనుపచువ్వ తుప్పు పట్టి ఒక అంచు పెచ్చు లేచింది. ఇక పనికిరానని నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న పార్కులో పడేశారు. ఆ పార్కుది ఒక విచిత్రం. పచ్చగడ్డి, ఫౌంటెను, రంగురంగుల లైట్లు, చుట్టూ ఇనుప కంచె. గేటు లేదు. మనుషులు లోపలికి వెళ్లకూడని పార్కు అది, కార్లలోంచి చూసుకోవడానికి కట్టింది. నిజం చెప్పాలంటే నా బతుకులో నేను కొంచెం తలెత్తుకుని ఉన్నది అక్కడే. ఎవరూ రాలేని చోట, నన్ను కాదని ఎవరు వెళ్లినట్టు? కానీ పైడమ్మ ఆ కంచె అవతల, బస్సుల పొగలో, కమ్మీ పట్టుకుని నిలబడి నన్ను చూసేది. పేరు తుడవడానికి చెయ్యి అందేది కాదు. ఆమె సూపర్వైజరు చుట్టూ తిరిగింది. విసిగిపోయి ఆయన, “సరే, బస్టాండు పక్క పార్కులో వేయిస్తాను. అదే ఆఖరు. అక్కడా ఎవరూ కూర్చోకపోతే పగలగొట్టించి రోడ్డు గుంటలో పోయిస్తాను. ఖాళీ బెంచీని ఎన్నిసార్లు మొయ్యమంటావు?” అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

బస్టాండు పక్కది పార్కని బోర్డు మీద ఉంది కాబట్టి పార్కు. నాలుగు గన్నేరు మొక్కలు, ఒక వేపచెట్టు, ఒక కొళాయి. మూటలు, సంచులు, కోళ్ల బుట్టలు, ఆస్పత్రికి వచ్చినవాళ్లు, బస్సు తప్పిపోయినవాళ్లు. ఈ ఊళ్లోని పార్కులన్నిట్లో కూర్చోవడం అసలు అవసరమైన మనుషులు ఉన్నది అక్కడే. మిగతా పార్కుల్లో తిన్నది అరగడానికి తిరుగుతారు. ఇక్కడ తిరిగి తిరిగి అలిసిపోయి వస్తారు. అయినా నన్ను చూసి, చదివి, నా పక్కన నేల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. చదువు రానివాళ్లకి చదువు వచ్చినవాళ్లు చదివి మరీ చెప్పారు.

ఒక మధ్యాహ్నం నీలవేణి అనే అమ్మాయి వచ్చింది. చీర మీద ఖాకీ కోటు, భుజానికి సంచి, మెళ్లో టికెట్ మిషను. సిటీ బస్సు కండక్టరే. కాళ్లు వాచి ఉన్నాయి, చెప్పులు ఈడుస్తూ నడుస్తోంది. టిఫిన్ డబ్బా తీస్తూ నా మీద కూర్చోబోయి ఆగింది. ‘కండక్టర్’ అన్న మాట మీద వేలు పెట్టి చూసింది.

పైడమ్మ చెట్టు కింద నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. “కూకోమ్మా. మావోడే. ఏటనుకోడు, కూకో.”

“అమ్మో, మావోళ్లే గదేటి అత్తా! మావోడి పేరు మీద నానెలాగ కూకుంటాను? పర్నేదులే, నాకలవాటే,” అంది నీలవేణి. ఒంటికాలి మీద బరువు మార్చుకుంటూ, వేపచెట్టుకి ఆనుకుని నిలబడి అన్నం తింది.

పైడమ్మ ఆ మాట విని ఆమె కాళ్లకేసి చూసింది. నిలబడ్డవాడి కోసం పుట్టినదాన్ని నేను. నా మూలంగా ఇంకొక కండక్టరు, వాచిన కాళ్లతో, నా ఎదురుగానే నిలబడి తింటోంది. అప్పటిదాకా పడిన సిగ్గులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. అప్పుడప్పుడు చీలితే మా బోటివాళ్లకి సదుపాయంగా ఉండేది.

తర్వాతి వారం సూపర్వైజరు అన్న మాట ప్రకారం వచ్చాడు. వెంట గునపాలు, సమ్మెట పట్టుకుని ఇద్దరు కూలీలు. పైడమ్మ వాళ్లకి అడ్డం నిలబడింది. మళ్లీ బతిమాలుకుంటుంది కాబోలని నేను కళ్లు మూసుకుందామనుకున్నాను. ఉంటే కదా మూసుకోవడానికి.

“పగలగొట్టొద్దు బాబూ. పలక తిరగేసీండి,” అంది.

కూలీలు ముఖముఖాలు చూసుకున్నారు. “పేరు కిందకెల్లిపోద్దమ్మా. ఇంక ఎవులికీ అగుపడదు,” అన్నాడు ఒకడు.

“ఎల్లిపోనీ.”

ఆమె వంగి పాత బంతిపువ్వు తీసేసింది. అక్షరాల్లో చేరిన దుమ్ము కొంగుతో చివరిసారి తుడిచింది. తర్వాత, పక్కన ఎవరూ లేనట్టు, నాతో కాదు, ఆయనతో మాట్లాడింది. “ఇన్నాళ్లూ నువ్వు కూకుంటావనే సూసినాను. నువ్వు కూకుంటే జనమంతా నిలబడిపోతన్నారు. నీకది నచ్చదు గదా. లెగు. సీటిచ్చీయ్.”

సూపర్వైజరు అటు తిరిగి ఫోను చూసుకున్నాడు.

గునపాలు వేసి పలక లేపారు. ఎన్ని పార్కులు తిరిగినా నా కడుపు ఎవరూ చూడలేదు. గరుకు సిమెంటు, చెక్కల అచ్చులు, మేస్త్రీ వేలిముద్రలు. అది పైకి వచ్చింది. పేరు కిందకి వెళ్లింది. కాళ్ల మీద మళ్లీ కూర్చోబెట్టి, నీళ్లు కొట్టి కడిగారు. తడి ఆరకముందే ఒక ముసలాయన కోళ్లబుట్ట పక్కన పెట్టి నా మీద చతికిలబడి, “అమ్మయ్య” అన్నాడు. జంకు లేకుండా నా మీద కూర్చుని మనిషి అన్న మొదటి మాట అది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నాకు తీరిక లేదు. పొద్దున్న పాలక్యాన్లవాళ్ల నుంచి ఆఖరి బస్సువాళ్లదాకా ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. “పార్కులో ఈ బెంచీ వేసినోడు పున్నాత్ముడు” అని కూడా అంటారు. ఆ పుణ్యాత్ముడి పేరు వాళ్ల కిందే ఉంది, నేలకేసి తిరిగి. నా గుట్టు, నా కింద పడుకునే ఆ కుక్క ఒక్కదానికే తెలియాలి, కానీ అది సముద్రం ఒడ్డునే ఉండిపోయింది. ఒకప్పుడు ఖాళీగా ఉన్నానని సిగ్గుపడ్డాను. ఇప్పుడు నిండుగా ఉన్నందుకు సిగ్గుపడుతున్నాను. వాళ్ల పొగడ్త వింటే ఎవరి సొమ్మో నేను వేసుకు తిరుగుతున్నట్టు ఉంటుంది.

నిన్న పైడమ్మ వచ్చింది. నా మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక చివర నీలవేణి చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని అన్నం తింటోంది. పైడమ్మని చూసి గబుక్కున లేవబోయింది. “రా అత్తా, కూకో.”

పైడమ్మ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది. “పర్నేదమ్మా, నాకలవాటే,” అని నవ్వింది.

తర్వాత పడిపోయిన చిల్లర వెతుక్కుంటున్నదానిలా వంగి, పలక అంచు కిందకి చెయ్యి పోనిచ్చింది. పేరు అక్షరాల గాడి ఆమె వేలికి తెలిసింది. కాసేపు అక్కడే పట్టుకుని, బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు, మా అందరి పక్కనా నిలబడింది. ఆ ముసలమ్మకి మాత్రం చోటివ్వలేని బెంచీని నేను.