ఉన్న చెయ్యి

ఆదివారం భోజనాలయ్యాక అక్క బావ గోళ్ళు తీసేది. బావకి ఉన్నది ఎడమచెయ్యి ఒక్కటే. కుడిచెయ్యి మోచేతి పైదాకా యుద్ధంలో పోయింది. ఒంటిచేతి మనిషి మిగతా పనులు ఎలాగో ఒకలా చేసుకుంటాడు గానీ, ఆ చేతి గోళ్ళు ఆ చేత్తోనే తీసుకోలేడు. బావ ఒళ్ళో పేపరు పరుచుకుని చదువుతూ, చెయ్యి పక్కకి చాపేవాడు. అక్క ముఖం చూసేవాడు కాదు. చాపితే అక్కడ అక్క ఉంటుంది, కుర్చీకి చెయ్యి ఉన్నట్టు. గోరు ఎగిరి అక్క చీరమీద పడేది. ఒక్కోసారి పెదవి మీద పడేది. అప్పుడు అక్క లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మిగతావి తీసేది.

ఇవన్నీ అక్క తర్వాత నాకు చెప్పుకున్న మాటలే. బయట మాత్రం బావంటే ఎవరైనా లేచి నిలబడేవాళ్ళు. గుండ్లు కురుస్తుంటే గాయపడ్డ సిపాయిని భుజాన వేసుకుని వచ్చాడు. ఆ రావడంలోనే చెయ్యి పోయింది. పతకం ఇచ్చారు. ఇంటికొచ్చి మూల కూర్చోలేదు. లా చదివాడు, ప్లీడరయ్యాడు, ఆ తర్వాత జడ్జీ అయ్యాడు. పతకం జడ్జిగారని పేరు. అందులో అబద్ధం ఏమీ లేదు. ధైర్యం ఉన్న మనిషి, లంచం ముట్టని మనిషి. ఆయన చదువుకునేటప్పుడు పుస్తకం పట్టుకున్నది, పేజీ తిప్పింది, నోట్సు రాసింది అక్క. పరీక్షలో రాసిపెట్టడానికి మనిషినిచ్చారు. ఇంట్లో ఎవరినీ ఇవ్వలేదు, ఎందుకంటే అక్క ఉంది.

"ఒంటిచేత్తో ఇంత ఎలా సాధించారండీ?" అని ఎవరైనా అడిగితే బావ నవ్వేవాడు. "పట్టుదలండీ, ఇంకేముంది. నా చెయ్యి పోయింది, మా ఆవిడకి పని దొరికింది." అందరూ నవ్వేవాళ్ళు. అక్క కప్పులు తీసుకుని లోపలికి పోయేది. అత్తగారు వంటింటి గడపలోనే కాపు కాసేది. "ఏమిటా మొహం? దేశానికి చెయ్యిచ్చినవాడమ్మా వాడు. రెండు చేతులూ పెట్టుకుని నువ్వు విసుక్కుంటే చూసేవాళ్ళు ఏమంటారు?"

అక్క చాలా ఏళ్ళు తనలోనే ఏదో లోపం ఉందనుకుంది. ఇంత గొప్ప మనిషి దగ్గరికి వస్తే నాకెందుకు ఒళ్ళు ముడుచుకుపోతుంది? ఇంకెవరికైనా చెబితే చెప్పు తీసుకుని కొట్టరా? కానీ ఒకటి మాత్రం తనకి బాగా తెలుసు. తెగిన చెయ్యి చూస్తే తనకి ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ మోడుకి చలికాలంలో నొప్పి వస్తే నూనె రాసింది, పౌడరు వేసింది, నిద్రలో అది ఉలిక్కిపడితే పట్టుకుని కూర్చుంది. అసలు బాధంతా ఉన్న చేతితోనే. తిన్న కంచంలో ఉమ్మి, ఆ కంచాన్ని తన వైపు తోసే చెయ్యి. కట్టుడుపళ్ళు తీసి తన అరచేతిలో పెట్టే చెయ్యి. పిలవకుండా ఉంగరంతో బల్లమీద టకటక కొట్టే చెయ్యి.

ఒకసారి పాత సిపాయిల సభకి ఇద్దరూ వెళ్ళారు. అక్క ఆడవాళ్ళ వైపు కూర్చుంది. బావ అందరి ముందూ ఒక నారింజపండు తీసుకుని, గుండెకి అదిమిపెట్టి, బొటనవేలితో ఒలిచేశాడు. తొక్క ఎక్కడా తెగలేదు. ఆ తర్వాత కోటు విప్పి మళ్ళీ వేసుకుని, గుండీలన్నీ తనే పెట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రోజూ పొద్దున్నే ఆ గుండీలు పెట్టేది అక్క.

"అన్నీ వచ్చు కదా మీకు. మరి ఇంట్లో నాచేత పెట్టిస్తారేం?" అని దారిలో అడిగింది.

"నువ్వున్నావు కదే" అన్నాడు బావ. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

తీర్పు కోర్టులో చదివేదాకా టైపిస్టుకి కూడా తెలియకూడదని బావ పంతం. అందుకే చిత్తు ఇంట్లో అక్క చేతే రాయించేవాడు. ఒక ఆదివారం, బట్టలు కుట్టుకునే అమ్మాయి కేసులో తీర్పు రాసే వంతు వచ్చింది. పెళ్ళాన్ని కాపురానికి పంపించమని మొగుడు కోర్టుకెక్కాడు. వాడు తాగడు, కొట్టడు. బావ ఆ అమ్మాయి గొంతు పెట్టి అన్నం దగ్గర చెప్పి చూపించాడు.

"ప్లీడరు అడిగాడే, ఏం చేశాడమ్మా అని. ఏమీ చెయ్యడండీ, అదే నా బాధ అంటుంది! చేతులు కడుక్కోవాలన్నా నేనే నీళ్ళు పొయ్యాలండీ, చీదితే నేనే తుడవాలండీ, పేరు పెట్టి పిలవడండీ, చిటికె వేస్తాడండీ. నాకా మనిషంటే అసహ్యమండీ, పంపకండీ అని ఒకటే ఏడుపు. కోర్టంతా నవ్వే. అసహ్యం వేసిందని కాపురాలు వదిలేస్తే ఈ లోకంలో ఒక్క కాపురం మిగులుతుందా?"

"మిగలదు" అంది అక్క.

"అదీ సంగతి" అని బావ చెయ్యి కడుక్కోడానికి చాపాడు. అక్క నీళ్ళు పోసింది. ఆ తర్వాత కాగితం తెచ్చుకుని కూర్చుంది.

"రాయి. భర్తపై అసహ్యము కలుగుట అనునది భార్య చెప్పదగిన కారణము కాదు. ప్రతివాది వెంటనే భర్త ఇంటికి చేరవలెను."

అక్క కలం 'అసహ్యము' దగ్గర ఆగింది. తనలో ఇన్నేళ్ళుగా ఉన్నదానికి పేరు అదే. అలసట అనుకుంది, కోపం అనుకుంది, పాపం అనుకుంది. ఎవరో తెలియని ఒక పిల్ల నలుగురిలో నిలబడి, అందరూ నవ్వుతుంటే, ఆ మాట పైకి అనేసింది. అలా అన్నందుకు ఆ పిల్లని వెనక్కి తోసెయ్యాలి. తోసే రాత తన చేతిరాత.

"ఏంటి, సిరా అయిపోయిందా?" అన్నాడు బావ.

"లేదండీ" అని అక్క రాసింది. ఒక్క అక్షరం మార్చలేదు. తను రాయకపోతే టైపిస్టు రాస్తాడని తనకి తెలుసు.

మర్నాడు నా దగ్గరికొచ్చి, "ఒరేయ్, నాతో కోర్టుకి రా" అంది.

"బావ క్యారియరు మర్చిపోయాడా?"

"కాదు. నాకు పనుంది."

కోర్టు హాలు చిన్నది. సంసారాల కేసులు కాబట్టి, సంబంధం లేనివాళ్ళని బంట్రోతు బయటికి పంపుతున్నాడు. అక్కని చూసి చేతులు కట్టుకున్నాడు. "అమ్మగారూ, మీరు అయ్యగారి గదిలో కూర్చోండి. ఇక్కడేంటమ్మా?" అక్క కదల్లేదు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ముందు బెంచీలో ఆ కుట్టుపని అమ్మాయి తలదించుకుని కూర్చుంది. పక్కనెవరూ లేరు.

బావ పైన కూర్చుని కాగితం తీశాడు. తలెత్తితే అక్క కనబడింది.

"ఏమిటి? ఇంట్లో ఏమైనా జరిగిందా?"

"ఏమీ జరగలేదండీ."

"మరి ఈ కేసులో నీకేం పని?"

"ఆ అమ్మాయి తరఫు సాక్షినండీ."

బావ నవ్వాడు. ఎప్పుడూ ఆయన నవ్వితే నలుగురూ నవ్వేవాళ్ళు, ఈసారి ఎవరూ నవ్వలేదు. "సాక్షివా? ఆ పిల్లెవరో నీకు తెలుసా అసలు?"

"పిల్ల తెలియదండీ. ఆ అసహ్యం తెలుసు."

ఆ అమ్మాయి ప్లీడరు కుర్రవాడే. లేవాలా వద్దా అని కాసేపు చూసి, మెల్లిగా లేచాడు. "అయ్యా, తమ ఇంటావిడగారు సాక్షి అయితే ఈ కేసు తమరు వినడానికి లేదు. వేరే జడ్జిగారికి పంపాలండీ."

బావ అక్కవైపు చూశాడు. అంతసేపు చూడటం అక్క ఎన్నడూ ఎరగదు. చూసి చూసి, చదవకుండానే ఆ కాగితాన్ని బోర్లా పెట్టాడు.

ముందు బెంచీలో ఆ అమ్మాయి కాస్త జరిగింది. అక్క వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.