పరదా వెనక బల్బు

ఆ మంగళవారం చేయాల్సిన పనులు, షెడ్డులో కారు రిపేర్లు రాసే జాబ్ కార్డు వెనక రాసుకున్నాను. ఆరింటికి నీళ్ళు పట్టాలి. మామయ్యకి చోడి జావ, షుగర్ మాత్ర. మా ఆయన రవికి టిఫిన్ డబ్బా. సాయంత్రానికి గోంగూర తుంచి పెట్టాలి. షెడ్డుకి వెళ్ళగానే తెల్ల కారు బ్యాటరీ కొలవాలి. ఇంజన్ కంప్యూటర్ ప్లగ్గు తీసి కరెంటు వస్తోందో లేదో చూడాలి. ఎర్తు చూడాలి. రిపోర్టు రాసి మహేంద్ర సార్ సంతకం తీసుకోవాలి. వచ్చేటప్పుడు అత్తయ్యకి మోకాళ్ళ నూనె.

అన్నీ చేశాను, నూనె తప్ప. చేసినవాటిలో ఒకటి తప్పుగా చేశానని తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మా ఊళ్ళో మోవా అనే పేటలో అన్ని రకాల కార్లూ బాగుచేసే పెద్ద షెడ్డు అది. పన్నెండు మంది మగవాళ్ళ మధ్య ఎలక్ట్రికల్ చూసే ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్న రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. మా ఇంట్లో డిగ్రీ కాగితం చూసిన మొదటి మనిషిని నేను. అందుకే నా చేతిలో మీటర్ ఉంటే నాకు ఎక్కడలేని ధైర్యం. తెల్ల కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, కాసేపాగితే మళ్ళీ స్టార్టవుతోంది. ఆగినప్పుడు స్కానర్ పెడితే ఇంజన్ కంప్యూటర్ పలకడం లేదు. ఆ పెట్టెకి కరెంటు అందకపోతే అది పలకదు. అందినా పలకకపోతే అది పాడైనట్టు. ప్లగ్గు ఊడదీసి మీటర్ పెట్టాను. పన్నెండున్నర వోల్టులు, దివ్యంగా ఉంది. "కరెంటు సరిగా ఉంది, కంప్యూటర్ పాడైంది" అని రాశాను. కొత్తది తెప్పించారు, ఆ కారు తాళానికి జత చేశారు. జత చేశాక వెనక్కి ఇవ్వడానికి లేదు. అది పెట్టిన రెండో రోజే కారు బిలాస్‌పూర్ రోడ్డు మీద ఆగిపోయింది.

షెడ్డు నడిపే మహేంద్ర సార్ అందరి ముందూ హిందీలో నెమ్మదిగా అడిగాడు. "మేడమ్, కొత్తది కూడా పాడేనా?" సీనియర్ మెకానిక్ యోగేష్ పానా తుడుచుకుంటూ అన్నాడు. "సార్, మేడమ్ ఫోన్లో బాగా మాట్లాడతారు. రిసెప్షన్‌లో అయితే కస్టమర్లకి కూడా బాగుంటుంది." ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. శనివారం వరకు టైమిచ్చారు. అప్పటికి లోపం దొరక్కపోతే నా టేబులు రిసెప్షన్ గాజు తలుపు దగ్గరికి మారుతుంది.

ఇంటికొచ్చి రవికి చెబితే, టీవీ మీంచి చూపు తిప్పకుండా "రిసెప్షన్ అయితే మంచిదే కదా, చేతులకి గ్రీజు ఉండదు" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి గోంగూర ముందేసుకుని కూర్చున్నాను. అత్తయ్య పైడమ్మ పక్కనే కూర్చుని నా చేతిలో కాడలు లాక్కుంది.

"ఏటే, ఆకు పారేసి కాడలు గిన్నిలో ఏస్తన్నావు?"

చెప్పాను. ఆవిడకి అర్థమవుతుందని కాదు, చెప్పకపోతే ఏడుపొచ్చేలా ఉందని.

"బల్బెట్టి సూసినావా?" అంది.

"మీటర్ పెట్టాను కదా అత్తయ్యా."

"మీటరేటి లాగుద్ది? ఏటీ లాగదు. ఖాళీ బిందె ఎత్తుకుని నిలబడమంటే నానూ బలంగానే ఉంటాను. నీళ్ళు నింపి రెండు మేడలెక్కమను, అప్పుడు తెలస్తాది నా మోకాళ్ళ సంగతి. ప్లగ్గు తీసేస్తే ఆ తీగ మీద బరువేది? కారు ముందుండే పెద్దలైటు బల్బు కట్టి సూడు. ఎర్రగా మినుకుమంటే తీగలోనో రిలే కిందో కాలిపోనాది."

నేను ఆ మాట మర్చిపోలేను, అంతకంటే నా ఆశ్చర్యాన్ని మర్చిపోలేను. ఆరేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం. అదే ఊళ్ళో గుఢియారీ పేటలో మామయ్యకి ముప్పై ఏళ్ళు దుకాణం ఉండేదని తెలుసు. పైన బోర్డు, "సూర్యారావు ఆటో ఎలక్ట్రికల్స్". ముందు బల్ల దగ్గర మామయ్య, వెనక ఒక పరదా, ఆ పరదా వెనక అత్తయ్య. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు పరదా కిందుగా లోపలికి వెళ్ళేవి, తీగ చుట్టించుకుని, పరీక్ష చేయించుకుని బయటికి వచ్చేవి. "అయిపోయింది సేఠ్" అని మామయ్య అప్పజెప్పేవాడు. కస్టమర్లు లోపల కుర్రాడెవరో ఉన్నాడనుకునేవారట. "అమ్మకేం తెలుసు, నాన్న చెబితే తీగ చుట్టేది" అని రవి అంటూ ఉంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. సెల్ఫ్ మోటార్ పేరు రాయడం రాని మనిషి అది ఎందుకు తిరగడం లేదో చెప్పగలదని నా చదువు నాకు చెప్పలేదు.

శుక్రవారం కారు ఆగేదాకా నడిపించి, ఆవిడ ఇచ్చిన బల్బు కంప్యూటర్ ప్లగ్గులో తీగకి కట్టాను. నిప్పుకణికలా ఎర్రగా మినుకుమంది. పక్కనే మీటర్ పెడితే ఏడు వోల్టులు. బల్బు తీస్తే మళ్ళీ పన్నెండున్నర. అక్కణ్ణుంచి వెనక్కి, ఒక్కో జాయింటూ చూసుకుంటూ ఫ్యూజు డబ్బా దాకా వచ్చి, ఆ తీగకి కరెంటు వదిలే స్విచ్చు లాంటి రిలే పీకాను. దాని కింద ఇత్తడి పట్టు ఒకటి వదులైపోయి నల్లగా కాలిపోయింది. కొత్త పట్టు వేసి, కారు ఎండలో రెండు గంటలు నడిపించాను. ఆగలేదు. పాత కంప్యూటర్ పెట్టి మళ్ళీ నడిపించాను. ఆగలేదు.

యోగేష్ ఆ బల్బు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఇది కాలేజీలో నేర్పారా?"

నిజం నోటి దాకా వచ్చింది. మా అత్తగారని చెబితే వీళ్ళేమంటారో కూడా నాకు వినిపించింది. ఇంజనీరింగ్ చదివి గోంగూర తుంచుతూ నేర్చుకుందట అంటారు. "మా మామయ్యగారు" అన్నాను. "ముప్పై ఏళ్ళు దుకాణం నడిపారు."

అంతకు రెండు నెలల ముందే, నేను పట్టుకున్న లోపాన్ని మహేంద్ర సార్ కస్టమర్‌కి "మా యోగేష్ పట్టుకున్నాడు" అని చెప్పాడు. ఆ రోజు నేను బాత్రూములో నల్లా తిప్పి ఏడ్చాను. ఆ నొప్పి ఎలా ఉంటుందో తెలిసిన దాన్ని. తెలిసే అన్నాను.

సార్‌కి ముచ్చటేసింది. అలాంటి పెద్దాయన వచ్చి మా వాళ్ళకి ఒక పూట చెప్పాలన్నాడు. మామయ్య కాదనలేదు. "అవును, నానే నేర్పినాను" అని రవితో అనడం విన్నాను. ముందురోజు సాయంత్రం అత్తయ్య పప్పు రుబ్బుతూ చెబుతుంటే ఆయన పాఠం అప్పజెప్పినట్టు తిరిగి చెప్పాడు. వెళ్ళే రోజు ఆయన మాత్రలు, ఫ్లాస్కు పట్టుకుని అత్తయ్య కూడా వచ్చింది. షెడ్డు గుమ్మం పక్కన డ్రైవర్ల బెంచీ మీద కూర్చుంది. ఎవరో ఆవిడకి టీ ఇచ్చారు. ఆవిడెవరో నేను ఎవరికీ చెప్పలేదు.

మామయ్య బాగానే చెప్పాడు, నవ్వించాడు కూడా. చివర్లో యోగేష్ అడిగాడు. "చాచా, గాడీ చల్లగా ఉన్నప్పుడు బల్బు బాగానే వెలిగితే?" అది ముందురోజు పాఠంలో లేదు. మామయ్య నా వైపు చూశాడు. నాకు తెలుసు, వంటింట్లో అత్తయ్య నాకు విడిగా చెప్పింది: బల్బు అలాగే ఉంచి ఇంజన్ వేడెక్కనివ్వాలి, రిలేని వేలితో కదుపుతూ బల్బుని చూడాలి. బెంచీ పది అడుగుల దూరంలో ఉంది. పిలిస్తే పలికేది. నేనే లేచి జవాబు చెప్పాను. చప్పట్లు కొట్టారు. "మామా కోడళ్ళ జోడీ" అన్నాడు సార్. అత్తయ్య ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉంది.

ఇంటికొచ్చాక ఆవిడ వెనకే వంటింట్లోకి వెళ్ళాను. "అత్తయ్యా, నీ పేరు చెప్పాల్సింది."

"సెప్తే ఏటవుద్ది, ఆళ్ళు నమ్మరు" అంది మామూలుగా. తర్వాత స్టవ్ వెలిగించి, అటు తిరిగే అంది. "నా పేరు సెప్పనేదని కాదే. పని ఎవులు సేసినారని అడిగితే రవి నాన్న పేరు సెప్పడం నాకు అలవాటవడానికి సానా ఏళ్ళు పట్టినాది. నీకు ఒక్క నిమిషం పట్టినాది."

సోమవారం మహేంద్ర సార్‌కి అంతా చెప్పాను. "అచ్ఛా? చాలా బాగుంది మేడమ్" అన్నాడు. అప్పటికే గోడకి "సూర్యారావు టెస్ట్" అని ప్లాస్టిక్ కాగితంలో పెట్టిన అచ్చు పేపరు వేలాడుతోంది, కింద నా సంతకంతో. మార్చమంటే నవ్వి, ఒకే ఇల్లు కదా అన్నాడు. మార్కరుతో నేనే ఆ పేరు కొట్టేసి పక్కన ఆవిడ పేరు రాశాను. దీపావళి శుభ్రాలప్పుడు ఎవరో తడిగుడ్డతో తుడిచారు. అచ్చయిన పేరు నిలిచింది, నేను రాసింది పోయింది. మళ్ళీ రాశాను. మళ్ళీ పోయింది.

గోడ మీద నిలవనిది ఇక్కడైనా నిలుస్తుందేమోనని రాస్తున్నాను. నేను మంచిదాన్నని మీరు అనుకోనక్కరలేదు. మీ కారు దారిలో ఆగిపోయి, కంప్యూటర్ మార్చాలని ఎవరైనా అంటే, ముందు బల్బు పెట్టి చూడమనండి. ఇదెవరు చెప్పారని వాళ్ళు అడుగుతారు. గుఢియారీ పైడమ్మ అని చెప్పండి. ఆవిడ పేరు గుర్తుపెట్టుకోండి.