ఆపినవి అనే ఫోల్డరు

...లోపం ఉత్తరాల దారిలో లేదు, ఆ దారి వేసింది తనే కదా, ఈ మాట శామ్యూల్‌కు ఎట్లా చెప్పాలి? ఉమేష్ తెర వైపు చూశాడు. మూడు ఫోల్డర్లు: వచ్చేవి, పోయేవి, ఆపినవి. సరదా కొద్దీ ఇంట్లో పాత కంప్యూటరు మీద, ఫోన్ లైను ద్వారా ఉత్తరాలు చేరవేసే బులెటిన్ బోర్డు నడుపుకునే వాళ్లందరికీ మొదటి రెండూ ఉంటాయి. వేరే ఊళ్ల బోర్డుల నుంచి ఉత్తరాలు కట్టలుగా మొదటిదాంట్లో దిగుతాయి. ప్రోగ్రాము వాటిని విప్పి, ఎవరివి వాళ్లకు మళ్లీ కట్టగట్టి రెండోదాంట్లో పెడుతుంది. ఎమ్మిగనూరులో శామ్యూల్ నడిపే బోర్డు కట్ట మాత్రం మూడోదాంట్లో పడుతుంది. ఉమేష్ తన చేత్తో జరిపితే తప్ప అక్కడి నుంచి కదలదు.

శామ్యూల్ కొత్తగా చేరినప్పుడు పరీక్ష కోసం పెట్టిన ఫోల్డరు అది. మొదట తీసెయ్యడం మరిచిపోయాడు. తరువాత మరిచిపోలేదు. కట్ట అందని సాయంత్రం శామ్యూల్ ఫోన్ చేసేవాడు, అందిన రోజు చేసేవాడు కాదు.

ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు పని నుంచి రాగానే ఈ కుర్చీలో కూర్చోవాలి. చెల్లెలు జ్యోతి నందవరంలో కొత్తింట్లో పాలు పొంగించిన రోజు కూడా భోజనం కాగానే ఆదోని బస్సెక్కాడు. ఎవరు కట్టేశారు తనను? వెతికితే సెట్టింగుల్లో ఒక్క వరుస కనిపిస్తుంది. తను రాసిందే.

ఫోన్ మోగింది.

"ఏమప్పా ఉమేషా, ఈ పొద్దు గూడా రాలేదే నా ఉత్తరాలు? మీ ఆదోని పత్తి మూటల కింద పడినాయా ఏమి?"

"ఫోల్డరు దారిలో ఏదో తేడా ఉండాది శామ్యూలన్నా. చూస్తాండాను."

"దసరా నుంచి చూస్తాండావు గదప్పా. పెండ్లిచూపులకి పోయినోడు గూడా అంతసేపు చూడడు!"

ఉమేష్ నవ్వాడు. రోజంతటిలో అదే మొదటి నవ్వు.

"ఒక మాట సెప్తా, ఏమనుకోకు. బళ్లారి బోర్డాయన నాకు నేరుగా పంపుతానంటాండాడు. నీకూ పని తప్పుతాది. రేపు మారిపోతా."

సరిచేస్తే శామ్యూల్‌కు ఫోన్ చేసే పని ఉండదు. చెయ్యకపోతే శామ్యూలే ఉండడు.

"వద్దన్నా. ఈ పొద్దే సరిచేస్తా."

"సరే, సూద్దాం. అయినా ఒకపారి మా రిపేరు షాపుకాడికి రారాదా? సాయంత్రం బజ్జీలు తినొచ్చు."

"సాయంత్రం యాడ కుదుర్తాది అన్నా..."

"ఏమి పనుంటాదప్పా నీకు సాయంత్రం?"

ఉమేష్ 'ఆపినవి' ఫోల్డరు వైపు చూశాడు. అవతల ఎవరో గిరాకీ వచ్చినట్టుంది, "వస్తి, వస్తి" అంటూ శామ్యూల్ పెట్టేశాడు.

ఫ్యాను తిరుగుతోంది. ఇప్పుడైనా కట్టను చేత్తో జరిపి, ఆ వరుసను అట్లే వదిలెయ్యొచ్చు. రేపటికి ఇంకో సాకు దొరుకుతుంది. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి అతనికి భయం వేసింది.

సెట్టింగులు తెరిచాడు. ఎమ్మిగనూరు వరుసలో 'ఆపినవి' కొట్టేసి 'పోయేవి' అని రాశాడు. ఆగి ఉన్న కట్టను కూడా అందులోకి జరిపాడు. తరువాత సేవ్ నొక్కాడు.